సవరణ: సుయికా కార్డులో చిల్లర వేయడం గురించి

టోక్యోలో ముందే డబ్బు వేసుకుని రైళ్లలో, దుకాణాల్లో వాడే రైలు కార్డుల గురించి మొన్న రాస్తూ, జేబులో మిగిలిన చిల్లరంతా స్టేషన్‌లోని ఏ టికెట్ మెషీన్‌లోనైనా వేసి సుయికా, పాస్మో కార్డుల్లోకి ఎక్కించుకోవచ్చని అన్నాను. అది తప్పు. నాకు ఒక స్టేషన్‌లో పని జరిగిందని అన్నిచోట్లా అంతేననుకున్నాను.

చాలా మెషీన్లలో స్క్రీన్ మీద కనిపించేవి 1,000 యెన్లు, 2,000 యెన్లు లాంటి రౌండ్ మొత్తాలే. 10 యెన్ల చొప్పున వేసుకునే వీలు కొన్నింటిలోనే ఉంటుంది. అలాంటిది దొరికితే 10, 50, 100, 500 యెన్ల నాణేలు పనికొస్తాయి. 1 యెన్, 5 యెన్ల నాణేలను మాత్రం టికెట్ మెషీన్లు తీసుకోవు. ఆ తెల్ల అల్యూమినియం 1 యెన్ బిళ్లలే కదా మనకు కుప్పలుగా మిగిలేవి! వాటిని దుకాణంలో లెక్కపెట్టి ఇచ్చేయడమే దారి. కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్‌లో కార్డు నింపించుకోవాలన్నా 1,000 యెన్ల చొప్పునే.

ఇంకొకటి, అప్పుడు రాయలేదు. కార్డులో 20,000 యెన్లకు మించి ఉంచలేం. కార్డులో 83 యెన్లే మిగిలాయనుకోండి, కన్వీనియన్స్ స్టోర్‌లో ముందు దాన్ని వాడేసి మిగతాది నగదుగా ఇస్తామని అడగొచ్చు. చిల్లర ఎక్కించడం కంటే నాకిదే తేలిక.

నా మాట నమ్మి గుప్పెడు నాణేలతో మెషీన్ ముందు నిలబడ్డవాళ్లు క్షమించాలి.