విదేశీ యాత్రకు చీటీ కాదు, పొదుపు సంఘం పద్ధతి కావాలి

ఐదారుగురు స్నేహితులు కలిసి బ్యాంకాక్‌కో బాలికో వెళ్దామనుకోగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ముందుగా వినిపించే మాట ‘చీటీ వేద్దాం’. మనకు అలవాటైన దారి అది. ఇల్లు కట్టుకునేటప్పుడూ, బిడ్డ పెళ్లప్పుడూ చీటీ డబ్బు అక్కరకొస్తుంది. యాత్రకు మాత్రం అది సరిపడదు. చీటీ డబ్బు నెలకొకరి చేతికి వస్తుంది. యాత్రకేమో అందరి దగ్గరా ఒకేసారి ఉండాలి. రెండో నెలలోనే పాట పాడుకున్నవాడు ఆ డబ్బును ఏడాది పైగా కదపకుండా దాచడు. దాచగలిగేవాడైతే చీటీ మొత్తంలో అంత కోత ఒప్పుకుని పాడుకోవాల్సిన పనే లేదు. పైగా రిజిస్టరైన చీటీల్లో నిర్వాహకుడి కమీషన్ పరిమితిని 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు. ఇంటి దగ్గర నోటిమాట మీద నడిచే చీటీ మునిగితే డబ్బుతో పాటు స్నేహమూ పోతుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి మన జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ సంఘాలు నిలబడింది రూపాయి గొప్పతనంతో కాదు. ఫలానా తేదీన కట్టాలి, ఆలస్యమైతే జరిమానా, తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి, డబ్బు బ్యాంకులో ఉండాలి, ఒక్కరి సంతకంతో బయటికి రాకూడదు. ఈ కట్టుబాట్లే వాటిని నిలిపాయి. స్నేహితుల యాత్రలు చాలావరకు చెడేది జీతాలు చాలక కాదు, ఇలాంటి కట్టుబాటు లేక. స్నేహితుడిని డబ్బు అడగడానికి మొహమాటం. ఆ మొహమాటాన్ని ముందే రాసుకున్న నియమం తీసేస్తుంది.

మొదట లెక్క. ఐదుగురు ఏడు రోజులు థాయిలాండ్ వెళ్తారనుకుందాం. ధరలు తేదీని బట్టి మారతాయి, ఇది అంచనా వేసే తీరు మాత్రమే. చెన్నై నుంచి రానుపోను విమానం మనిషికి 22,000. హోటల్ గది రోజుకు 4,000. ఇక్కడే చాలామంది తప్పుతారు. గదికి ఇద్దరు చొప్పున ఆరు రాత్రులకు మనిషికి 12,000 అని వేసేస్తారు. ఐదుగురికి మూడు గదులు కావాలి, మొత్తం 72,000, అంటే మనిషికి 14,400. ఒంటరి గది ఎవరిదైనా ఖర్చు ఐదుగురిదీ అని ముందే ఒప్పుకోకపోతే అక్కడికెళ్లాక మాట పడుతుంది. తిండికి 10,500, అక్కడి ప్రయాణాలకు 8,000, పడవలకూ ప్రవేశ టికెట్లకూ 10,000, ట్రావెల్ ఇన్సూరెన్స్ 1,000, సిమ్ 1,000, చెన్నై రాకపోకలు 2,000. మొత్తం 68,900. దీనిమీద 15 శాతం కలిపితే దాదాపు 80,000. షాపింగ్ ఇందులో లేదు, అది ఎవరి జేబు వాళ్లది.

ఆ 15 శాతం ఎందుకంటే, 2024 మొదట్లో 83 రూపాయల దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఏడాదిన్నర ముందు వేసిన లెక్కలో రూపాయి పతనానికి చోటు లేకపోతే చివరి నెలలో అప్పుకు వెళ్లాల్సి వస్తుంది.

దాచడం ఎవరి పేరున వాళ్లదే మేలు. ఐదుగురి డబ్బూ ఒకరి ఖాతాలో వేయడం ఆ ఒక్కరి మీద మోపే భారం. వాళ్ల ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చిందంటే ముందు కదిలేది ఆ డబ్బే. ఎవరికి వారు నెలకు 5,000 చొప్పున 15 నెలల రికరింగ్ డిపాజిట్ తెరిస్తే 75,000 అవుతుంది. వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే మరో 3,250 దాకా వస్తుంది. జీతం పడిన మర్నాడే ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా పెట్టుకోవాలి. నెలాఖరున మిగిలింది కడతాననే వాడు మూడో నెలకే ఆగుతాడు. నెలకోసారి అందరూ పాస్‌బుక్ ఫొటో గ్రూపులో పెట్టడం నియమం కావాలి. ఇది నమ్మకం లేక పెట్టే నియమం కాదు. వెనకబడ్డవాడు ఎవరూ అడగకముందే తన ఇబ్బంది చెప్పుకోవడానికి దారి.

డిపాజిట్ ముగిసేది ప్రయాణానికి మూడు నెలల ముందు కావాలి, ప్రయాణం రోజున కాదు. విమాన టికెట్లు కొనే వేళ అది. దీన్ని మరిచి, మధ్యలో డిపాజిట్ విరగ్గొట్టి వడ్డీ కోత పడేవాళ్లు చాలామంది. 15 నెలల పొదుపు, మూడు నెలల బుకింగులు, వెరసి 18 నెలలు.

నెల జీతం లేనివాళ్ల సంగతి వేరు. రొయ్యల చెరువు మీద బతికేవాడికి డబ్బు రొయ్యలు పట్టి అమ్మిన రోజున వస్తుంది. పొగాకు రైతుకు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడయ్యాక ఖాతాలో పడుతుంది. అలాంటి స్నేహితుడిని నెలకు 5,000 కట్టమంటే నాలుగు నెలలు ఎగవేసినట్టు కనిపిస్తాడు, నిజానికి ఎగవేయలేదు. అతనికి రెండు విడతలు, విడతకు 40,000 అని రాసుకోవాలి, పంట డబ్బు పడిన వారంలోనే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయాలి. ధర పడిపోయి ఒక విడత తప్పితే ఏం చేయాలో కూడా అప్పుడే రాసుకోవాలి. యాత్రను ఆరు నెలలు జరుపుతారా, అతను లేకుండా వెళ్తారా? ఆ మాట మొదటి రోజున అడిగితే మర్యాదగా ఉంటుంది, పదిహేనో నెలలో అడిగితే గాయమవుతుంది.

ముందు వెళ్లొచ్చి తర్వాత కడదామనే ఆలోచనకు మేం పూర్తిగా వ్యతిరేకం. 80,000 వ్యక్తిగత రుణం 16 శాతం వడ్డీకి ఏడాది కాలానికి తీసుకుంటే నెలకు దాదాపు 7,260 కట్టాలి, వడ్డీయే 7,100 దాటుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. దాచుకున్నవాడికి వడ్డీ వస్తుంది, అప్పు చేసినవాడు వడ్డీ కడతాడు. ఈ రెంటి మధ్య తేడా పది వేల పైమాటే, అంటే ఆ యాత్రలో ఒక మనిషి వారం రోజుల భోజనం.

పాస్‌పోర్టు పని డిపాజిట్ తెరిచిన నెలలోనే మొదలుపెట్టాలి. 36 పేజీల కొత్త పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1,500, తత్కాల్‌కు మరో 2,000. ఉన్న పాస్‌పోర్టుకైతే ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ కావలి చిరునామాతో దరఖాస్తు చేస్తే, పోలీసు విచారణ రోజున ఇంటి దగ్గర లేక అది ఆగిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్ చూపిస్తే ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) పడదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఒక అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. విమాన టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి, ఆధార్ చూసి కొట్టకూడదు. ఇంటిపేరు గడి ఖాళీగా, ఒకే ఒక్క పేరుతో ఉన్న పాస్‌పోర్టుపై సందర్శక వీసాను యూఏఈ 2022 నవంబరు నుంచి అనుమతించడం లేదు. దుబాయ్ అనుకునేవాళ్లు ముందు ఆ గడి చూసుకోవాలి.

టికెట్లు కొనేటప్పుడు ఐదు సీట్లు ఒకేసారి వెతికితే, తక్కువ ధరలో మూడే మిగిలి ఉన్నా ఐదింటికీ పై ధరే చూపిస్తుంది. మూడు, రెండుగా విడదీసి వెతికి చూడాలి. ఎవరి టికెట్ వాళ్ల కార్డుతో కొనుక్కుంటే, ఒకరు ఆగిపోయినా మిగతావాళ్ల బుకింగ్ చెదరదు. ఆగిపోయినవాడు వాపసు రాని ఖర్చును, గది వాటాతో సహా, తానే భరించాలన్నది స్నేహితులు ముందే రాసుకునే తీర్మానంలో మొదటి వాక్యం కావాలి.

ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకుంటే పన్ను సంగతి చూడాలి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసి, కొన్నవాడి పాన్ మీద జమచేసే పన్ను) వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ లెక్కలో పది లక్షల లోపు అది 5 శాతం ఉండేది. ఈ రేటు బడ్జెట్లతో మారుతుంది కనుక కట్టే నాటిది అడగాలి. ఐదుగురి తరఫున ఒకరే నాలుగు లక్షలు కడితే 5 శాతం లెక్కన 20,000 అతని పాన్ మీదే నమోదవుతుంది. రిటర్నులో దాన్ని తిరిగి పొందేదీ అతనొక్కడే. ఎవరి వాటా వాళ్ల పాన్‌తో కడితే ఈ చిక్కు ఉండదు.

తేదీ ఎంపికలో మన పంచాంగం పనికొస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బడి సెలవులు అయిపోయి ఉంటాయి. జూన్, జూలైల్లో బాలిలో వానలు తక్కువ, కాకపోతే విదేశీయుల రద్దీతో గదులు ప్రియం. ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా సముద్రం కల్లోలంగా ఉండి పడవ యాత్రలు రద్దవుతుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో వియత్నాం మధ్య ప్రాంతంలో వరదలు. ఆ నెలల్లో మన దగ్గరా అంతే. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, జాతీయ రహదారీ తెగింది. వాయుగుండాల కాలంలో విమానం ఉంటే ఒక రోజు ముందే చెన్నై చేరుకోవాలి. సెంట్రల్ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి నేరుగా మెట్రో ఉంది, అర్ధరాత్రి మాత్రం నడవదు.

అక్కడ డబ్బు వాడకం గురించి రెండు మాటలు. మన కార్డులకు విదేశీ వాడకం మొదట మూసే ఉంటుంది, బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా అదనపు రుసుము, దానిమీద జీఎస్టీ వేస్తాయి. థాయిలాండ్‌లో కార్డు యంత్రం ‘రూపాయల్లోనా, బాత్‌లోనా (అక్కడి కరెన్సీ)’ అని అడిగితే బాత్ అనే నొక్కాలి. రూపాయలు ఎంచుకుంటే దుకాణం బ్యాంకు తనకు నచ్చిన మారకం ధర వేస్తుంది. రోజువారీ ఉమ్మడి ఖర్చుకు ఒక కార్డు, ఒక పుస్తకం, రాత్రి పడుకునే ముందు లెక్క. మందు బిల్లు ఉమ్మడిలో కలపకూడదు. తాగనివాడు మొహమాటానికి నోరెత్తడు, మనసులో పెట్టుకుంటాడు.

ఉద్యోగాల మోసాలతో మన కుర్రాళ్లను థాయిలాండ్ మీదుగా మయన్మార్ సైబర్ ముఠాలకు చేర్చిన సంఘటనల తర్వాత, విమానాశ్రయాల్లో ప్రశ్నలు పెరిగాయి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఆఫీసు సెలవు పత్రం కాగితాల మీద ఉంచుకోవాలి. థాయిలాండ్ 2025 మే నుంచి తప్పనిసరి చేసిన డిజిటల్ రాక కార్డును చేరడానికి మూడు రోజుల లోపు నింపాలి. దానికి రుసుము లేదు, డబ్బులడిగే వెబ్‌సైటు అసలుది కాదు. వీసా మినహాయింపు షరతులు మారుతుంటాయి, టికెట్ కొనే రోజునా బయల్దేరే వారంలోనూ రాయబార కార్యాలయం సైటులో చూడాలి.

స్కూటర్ అద్దెకు తీసుకోవాలనుకుంటే రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ముందే తీసుకోవాలి, మన లైసెన్సులో ద్విచక్ర వాహనం ఉండాలి. అవి లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చెల్లించదు. అద్దెకిచ్చేవాడు హామీగా పాస్‌పోర్టు అడిగితే ఇవ్వకూడదు, నగదు డిపాజిట్‌కు ఒప్పుకునే ఇంకో దుకాణం చూసుకోవాలి.