భావం ముఖ్యం సార్!

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక చారిత్రక తీర్పు వెలువడింది. నన్నయ్య నాటి నుంచి తెలుగువాళ్ల నెత్తిన ఉన్న భారం ఒక్క మెసేజ్‌తో దిగిపోయింది. "భావం ముఖ్యం సార్, గ్రామర్ ఎవరిక్కావాలి?" ఇదీ తీర్పు. ఇచ్చినవారు మా సెక్రటరీ గారు. దాని కింద పడ్డ బొటనవేళ్లు చూస్తే మా కాలనీలో ఇంతమంది జనాభా ఉన్నారా అని అనుమానం వచ్చింది. జనరల్ బాడీ మీటింగుకు కోరం ఎందుకు ఉండదో మరి.

కేసు పూర్వాపరాలు పాఠకులకు తెలియాలి. సి బ్లాకులో ఉండే ఒకాయన, వాళ్లమ్మగారు పోయి ఏడాదైందని, దండ వేసిన ఫొటో పెట్టి కింద "అమ్మ ప్రథమ వర్ధంతి" అని రాశారు. పాపం ఆయన ఒక్క అక్షరం తప్పు రాయలేదు. రాసింది చాలామంది చదవలేదు, అది వేరే సంగతి. మా సెక్రటరీ గారి ఫోనులో ఎప్పుడూ ఒక మెసేజ్ సిద్ధంగా ఉంటుంది. పుట్టినరోజుకీ అదే, పెళ్లిరోజుకీ అదే, గృహప్రవేశానికీ అదే. మొదటి ముక్క మార్చి వదులుతారు. ఆ రోజూ వదిలారు: "అమ్మగారికి వర్దంతి శుభాకాంక్షలు. ఇలాంటి వర్దంతులు మరెన్నో జరుపుకోవాలని మనస్పూర్తిగా కోరుకుంటూ, మీ సెక్రటరీ."

గ్రూపుల్లో ఒక ఆచారం ఉంది. మొదటివాడు ఏం రాస్తే మిగతావాళ్లంతా అదే రాస్తారు. ఎ బ్లాకు నుంచి ఒకాయన సెక్రటరీ గారి మెసేజ్‌నే కాపీ కొట్టి పెట్టారు, "మీ సెక్రటరీ" అన్న సంతకంతో సహా. దాంతో మాకు కాసేపు ఇద్దరు సెక్రటరీలు. ఇంకొకరు కేకు బొమ్మ పెట్టారు. డి బ్లాకు కుర్రాడు "హ్యాపీ వర్ధంతి ఆంటీ" అన్నాడు. ఆమె ఉన్నన్నాళ్లూ లిఫ్టులో కనిపిస్తే తల వంచుకుని ఫోను చూసుకున్న కుర్రాడే, ఇప్పుడు నేరుగా పలకరించాడు. ఆ తర్వాత రెండో అంతస్తు పెద్దమనిషి ఒకరు "కుటుంబ సభ్యులందరికీ ఆర్థిక శుభాకాంక్షలు" అని పెట్టారు. ఆయన ఉద్దేశం హార్దికమే అయ్యుంటుంది. కానీ ఆ అన్నదమ్ముల మధ్య అమ్మగారి పేరిట ఉన్న ప్లాటు గొడవ కోర్టులో ఉందని మా అందరికీ తెలుసు. చిన్నకొడుకు కూడా ఇదే గ్రూపులో ఉన్నాడు, బి బ్లాకు. ఆయన వెంటనే "ఎవరు మాట్లాడిస్తున్నారో మాకు తెలుసు" అని పెట్టి, రెండు నిమిషాల్లో డిలీట్ చేశాడు. అందరూ చూశాక డిలీట్ చేశాడు.

పెద్దకొడుకు మాత్రం "అందరికీ ధన్యవాదాలు" అని దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఇంకేం చేస్తాడు, వాళ్లమ్మకి వంద వర్ధంతులు ప్రసాదించారాయె.

ఇక్కడ నేను నోరు తెరిచాను. "వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పరండీ, నివాళి అంటే బాగుంటుంది" అన్నాను. దానికి వచ్చిందే పైన చెప్పిన తీర్పు.

సరే, భావమే ముఖ్యమనుకుందాం. ఆ రాత్రి కళ్లజోడు తుడుచుకుని ఆ మెసేజ్‌లో భావం కోసం గాలించాను. "ఇలాంటివి మరెన్నో జరుపుకోవాలి" అన్నారు. ఎవరు జరుపుకోవాలి? పోయినావిడ జరుపుకోలేదు. కొడుకులా? ఏడాదికొకటి ఎలాగూ వస్తుంది, దానికి సెక్రటరీ గారి ఆశీస్సులు అక్కర్లేదు. పోనీ, "ఇలాంటివి" అంటే ఆ ఇంట్లో ఇంకొన్ని అని అర్థమా? ఆ ఇంట్లో పెద్దాయన ఉన్నారు. రోజూ పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని వాకింగుకు వస్తారు. భావాన్ని ఇంతకన్నా లోతుగా తవ్వడం మంచిది కాదని ఆగిపోయాను.

"మీరు పండితులు సార్, మీకు తప్పులే కనిపిస్తాయి" అన్నారు మరొకరు. ఆ అపవాదు నేను ఒప్పుకోను. అరసున్న పోయింది, నేను ఏడవలేదు. బండి ఱ పోయింది, ఊరేగింపు తీయలేదు. "చేశాను" అనాలా "చేసాను" అనాలా, "ఉంది" రాయాలా "వుంది" రాయాలా, కల్యాణమా కళ్యాణమా అని కొట్టుకునేవాళ్లున్నారు. వాళ్లకి పిల్లలు అమెరికాలో ఉండి కాలక్షేపం లేక కొట్టుకుంటున్నారని నా నమ్మకం. అర్థానికీ అర్ధానికీ ఉన్న తేడా మీద జోకు కూడా నేను వేయను. మా తెలుగు మాస్టారికన్నా ముందే ఆ జోకు రిటైరైంది.

అంతెందుకు, ఒత్తుల విషయంలో నాకు జనం మీద జాలి కూడా ఉంది. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతంతో పాటు వచ్చాయి. మాట్లాడేటప్పుడు మనలో చాలామంది వాటిని పలకరు. పైగా తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒత్తక్షరం కావాలంటే షిఫ్ట్ కూడా నొక్కాలి. ఒక వేలు అదనపు శ్రమ. అందువల్ల ఒత్తు పూర్తిగా మానేసినవాణ్ణి నేను క్షమిస్తాను. క్షమించలేనిది "భాద"ని. ఇందులో ఒత్తు ఉంది, ఎగ్గొట్టలేదు. ద దగ్గర డ్యూటీలో ఉండాల్సిన ఒత్తు, పైరవీ చేయించుకుని డిప్యుటేషన్ మీద బ దగ్గరికి వచ్చేసింది. జీతం అక్కడ, సంతకం ఇక్కడ. ఫేస్‌బుక్‌లో ప్రేమ విఫలమైనవాళ్లందరికీ ఉన్నది ఈ భాదే. బాధపడ్డవాడు ఒక్కడూ కనిపించడు.

సాకులకు కొదవ లేదు. "ఫోన్లో తెలుగు టైపు చేయడం కష్టం సార్" అంటారు. ఒకప్పుడు అది సాకు కాదు, నిజమే. పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపించేవి. ఇంగ్లిష్ అక్షరాలతో పంపితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పట్టేవి, తెలుగులో పంపితే 70తో సరి. ఒక్కో మెసేజ్‌కి డబ్బులు చూసుకోవాల్సిన రోజుల్లో జనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నారంటే తప్పేముంది? "అత్తయ్య" అని రాసి, పక్కన "పి ఎ డి ఐ ఎన్ డి ఐ" అని కొడితే, ఆవిడ పాడిందో పడిందో తేలక అల్లుడు హార్మోనియం తేవాలా అంబులెన్స్ పిలవాలా అని తన్నుకున్నాడు. అది పేదరికం. ఇప్పుడు ఫోను ఖరీదు చూస్తే స్కూటరు ధర ఉంది, నోటితో చెబితే తనే తెలుగులో రాసిపెడుతోంది, ఇంకా ఏం పేదరికం?

ఇదే సెక్రటరీ గారి గురించి ఇంకో సంగతి చెప్పాలి. కిందటి ఏడాది లిఫ్టులో ఒక నోటీసు అంటించారు, ఇంగ్లిష్‌లో. అందులో "మెయింటెనెన్స్" స్పెల్లింగులో ఒక అక్షరం అటూ ఇటూ అయింది. ఇంటర్ చదివే పిల్ల ఒకతి చూసి ఫక్కున నవ్వింది. ఆయన అక్కడే ఉన్నారు. ముఖం కందగడ్డ అయింది. పది నిమిషాల్లో ఆ కాగితం మాయం. సాయంత్రానికి కొత్త నోటీసు, రంగుల్లో, లామినేషన్‌తో. ఆ స్పెల్లింగు సరిచూడమని బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయికి ఫొటో పంపారని తర్వాత తెలిసింది. ఆ పూట ఎవరూ "భావం ముఖ్యం అంకుల్" అనలేదు. తప్పుడు స్పెల్లింగుతో రాసినా డబ్బులు కట్టాలన్న భావం అందరికీ అర్థమైందే! ఇంగ్లిష్‌లో తప్పు రాస్తే పరువు పోతుంది, తెలుగులో తప్పు రాస్తే "మనోళ్లే కదా" అవుతుంది. మనోళ్లంటే అంత లోకువ.

ఇక ఆఖరి అస్త్రం గిడుగు రామమూర్తి. ఎవరి తప్పు పట్టుకున్నా ఆయన్ని అడ్డం పెడతారు. "జనం ఎలా రాస్తే అదే భాష అని గిడుగు ఎప్పుడో చెప్పాడు సార్." ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు గ్రూపుల్లో తిరిగే ఫొటోల మీద "తెలుగు బాషా దినోత్సవ శుభాకాంక్షలు" అని ఉంటుంది. బా! పక్కనే గిడుగు వారి ఫొటో. ఆయన కోటు వేసుకుని గంభీరంగా చూస్తుంటారు, ఏం చేస్తారు పాపం.

1863లో పుట్టిన ఆ మనిషి కొట్లాడింది, చదువుకున్నవాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే బడిలో కూడా రాయనివ్వండని. ఎవడికి తోచినట్టు వాడు రాసుకోండని కాదు. పైగా తప్పులు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలు ముందేసుకుని, "మీకే ఇది తప్పు లేకుండా రాయడం రావడం లేదు, పిల్లల్ని చంపుతారేం?" అన్న ధోరణిలో వాళ్ల తప్పులు వరసపెట్టి చూపించాడు. అదే మనిషి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, కొండల్లో బతికే సవరల దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. పెద్దవాళ్ల దగ్గర తప్పులు వెతికాడు, లేనివాళ్ల దగ్గర భాష వెతికాడు. మా గ్రూపువాళ్లు సరిగ్గా దీన్ని తిరగేశారు. ఎలాగో చెబుతాను, నవ్వడానికి మాత్రం ఏం లేదు.

మా వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. ఐదో తరగతితో బడి మానేశాడు. గ్రూపులో అతన్ని చేర్చింది మాట్లాడడానికి కాదు, "పార్సెల్ పైకి పంపు", "కారు తుడవలేదేం" అన్నవి వినడానికి. ఒక రాత్రి సంపు మోటారు కాలిపోయింది. అతను కిందామీదా పడి తెలుగులో టైపు చేశాడు: "సార్ మోటరు కాలింది. నీల్లు రావు. మెకానికు రేపు పదింటికి వస్తడు. పైన టాంకిల కొంచం ఉంది, ఇప్పుడే బకీట్లు నింపి పెట్టుకోండ్రి."

ఏమైంది, దానివల్ల ఏమవుతుంది, ఎప్పటిదాకా, మీరేం చేయాలి. నాలుగు ముక్కల్లో అంతా ఉంది. మా కమిటీ జన్మలో ఇంత స్పష్టమైన నోటీసు ఇవ్వలేదు. దాని కింద ఏం జరిగింది? పళ్లికిలించే బొమ్మలు. "నీల్లు కాదోయ్, నీళ్ళు" అని దిద్దుబాటు. దిద్దినవారు ఎవరో చెప్పనక్కర్లేదు, వర్దంతుల వారే. "నింపి పెట్టుకోండ్రి" మీద ఇంకాసేపు వినోదం. ఎవరో దాన్ని సినిమాలో కమెడియన్ గొంతుతో చదివి ఆడియో కూడా పెట్టారు. "పెట్టుకోండ్రి" తప్పు కాదురా బాబూ, అది ఆ మనిషి తల్లి మాట్లాడే తెలుగు. యాసకీ తప్పుకీ తేడా తెలియనివాళ్లు భాష దిద్దడానికి కూర్చున్నారు!

నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. కార్లున్నవాడు రాస్తే భావం చూడాలి, కారు తుడిచేవాడు రాస్తే ళ చూడాలి. ఇదేం న్యాయం? పదహారేళ్లు ఫీజులు కట్టించుకుని చదివినవాడు చచ్చిపోయినావిడకి హ్యాపీ చెబితే సర్దుకుపోవాలి. బడి మొహం సరిగా చూడనివాడు ఇంకొకళ్ల ఇంట్లో నీళ్లు అయిపోతాయని రాత్రి పదకొండింటికి ఒక్కో అక్షరం వెతుక్కుని రాస్తే, వాణ్ణి స్క్రీన్‌షాట్ తీసి బంధువులకు పంపుకోవాలి. ఎగతాళి చేయడానికి మీకు వ్యాకరణం గుర్తొస్తుంది, ఒళ్లు బద్ధకం దాచుకోవడానికి భావం గుర్తొస్తుంది. కనీసం ఆ భావమైనా చదివారా అంటే, అదీ లేదు.

ఎందుకు లేదంటున్నానంటే, మర్నాడు పొద్దున ఆరున్నరకి అన్ని ఫ్లాట్లలో కుళాయిలు బుస్సుమన్నాయి. బకెట్ నింపుకున్న ఇల్లు మూడో అంతస్తులో ఒక్కటే, అక్కడ ముసలావిడ ఒక్కతే ఉంటుంది, ఆవిడకి స్మైలీలు పెట్టడం రాదు. మిగతావాళ్లు సబ్బు నురగతో బాల్కనీల్లోకి వచ్చి కేకలు. సెక్రటరీ గారు ఇంగ్లిష్‌లో, ఒక్క అక్షరం తప్పు లేకుండా, నీళ్లు ఆగిపోతున్నట్టు ముందస్తు సమాచారం ఎందుకివ్వలేదో వాచ్‌మన్ సంజాయిషీ చెప్పుకోవాలని మెసేజ్ పెట్టారు. అతను రాత్రి పెట్టిన మెసేజ్‌నే మళ్లీ కిందికి పంపాడు. మళ్లీ నవ్వులు.

సాయంత్రం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఎజెండా మోటారు కాదు. "ఇకపై వాచ్‌మన్ గ్రూపులో మెసేజ్ పెట్టే ముందు కమిటీకి చూపించి బాష సరిచేయించుకోవలెను" అని తీర్మానించి, గ్రూపులో పిన్ చేశారు. ఇక్కడా బా. నేను ఆ జోలికి పోలేదు. ఆ పొద్దున తెప్పించిన రెండు ట్యాంకర్ల డబ్బులు ఎవరు కడతారని మాత్రం అడిగాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.