హార్లెమ్ గాలిని కొలిచింది అక్కడి పిల్లలే

1996 జులైలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో కొందరు హైస్కూలు పిల్లలు వీపున బ్యాగులు తగిలించుకుని కూడళ్ల దగ్గర నిలబడ్డారు. ఆ బ్యాగుల్లో గాలిని లోపలికి లాగి సన్నటి ధూళిని పట్టుకునే యంత్రాలు ఉన్నాయి. ఐదు రోజులు, పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా, నాలుగు కూడళ్లలో కొలతలు సాగాయి. ఎన్ని బస్సులు వెళ్లాయి, ఎన్ని లారీలు వెళ్లాయి, ఎంతమంది నడిచి వెళ్లారు అన్నది కూడా లెక్కపెట్టారు. శిక్షణ ఇచ్చింది కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు. పిల్లల్ని కూడగట్టి, ఎక్కడ కొలవాలో తేల్చడంలో భాగం పంచుకున్నది ‘వీ యాక్ట్’ అనే స్థానిక సంఘం.

ఆ కొలతల్లో రెండు విషయాలు బయటపడ్డాయి. పీఎం 2.5 అనే సన్నటి ధూళి నాలుగు చోట్లా దాదాపు ఒకేలా ఉంది. ఘనపు మీటరు గాలిలో సగటున 37 నుంచి 47 మైక్రోగ్రాముల మధ్య. డీజిల్ పొగకు గుర్తుగా కొలిచే మసి మాత్రం ఒక కూడలికీ మరో కూడలికీ నాలుగు రెట్లు తేడాగా కనిపించింది. బస్సులు, లారీలు ఎక్కువ తిరిగే చోట ఎక్కువ. ఒకచోటైతే పక్కనే ఉన్న బస్ డిపో ప్రభావం కూడా కనబడింది.

ఈ రెండో సంగతి దగ్గర కాస్త ఆగాలి. సన్నటి ధూళి చాలావరకు నగరమంతా పరుచుకుని ఉంటుంది, దూరం నుంచి కూడా వస్తుంది. మసి అలా కాదు, ఆ వీధిలో పుట్టి ఆ వీధి పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఎక్కడో ఓ మేడ మీద యంత్రం పెట్టి నగర సగటు చూసే అధికారికి అంతా ఒకలాగే అనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పనక్కర్లేదు. తప్పు చోట కొలిస్తే చాలు. ఏ మలుపు దగ్గర బస్సులు ఇంజిన్ ఆపకుండా గంటలకొద్దీ నిలబడతాయో తెలిసింది అక్కడ నివసించేవాళ్లకే. సంఘం పగ్గాలు స్థానికుల చేతిలో ఉంటే వచ్చే అసలైన మార్పు ఇదేనని నేను నమ్ముతాను. ఏది కొలవాలి, ఎక్కడ కొలవాలి అన్న నిర్ణయమే వాళ్ల వైపు వస్తుంది.

ఈ సంఘం పుట్టింది గాలి కోసం కూడా కాదు, కంపు భరించలేక. హడ్సన్ నది ఒడ్డున 137వ వీధి నుంచి 145వ వీధి వరకు పరుచుకున్న నార్త్ రివర్ మురుగునీటి శుద్ధి కేంద్రం 1986లో పని మొదలుపెట్టింది. మొదట దక్షిణాన, 70-79 నంబర్ల వీధుల దగ్గర అనుకున్న ప్లాంటు అది. 1960ల్లో దాన్ని నల్లజాతీయులు, లాటినోలు ఉండే హార్లెమ్‌కు జరిపారు. తెరిచిన కొద్దికాలానికే కళ్ల మంటలు, దగ్గు, కిటికీలు తెరవలేని పరిస్థితి. 1988లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఇచ్చే సెలవు రోజున ఏడుగురు రోడ్డు మీద ట్రాఫిక్ ఆపి అరెస్టయ్యారు. ఆ ఏడాదే పెగ్గీ షెపర్డ్, వర్నీస్ మిల్లర్ ట్రావిస్, చక్ సట్టన్ కలిసి వీ యాక్ట్‌ను స్థాపించారు.

వీళ్లను ‘బాధితులు’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తే పెద్ద పొరపాటవుతుంది. షెపర్డ్ ఒకప్పుడు జర్నలిస్టు, 1985లో డెమోక్రటిక్ పార్టీ తరఫున ఆ ప్రాంత నాయకురాలిగా ఎన్నికయ్యారు. మిల్లర్ ట్రావిస్ అయితే, విషవ్యర్థాల స్థలాలకూ జాతికీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించిన 1987 నాటి చర్చి సంస్థ అధ్యయనంలో పరిశోధకురాలు. అంటే ఒకరికి తలుపు తట్టి ఓట్లు అడగడం తెలుసు, మరొకరికి అంకెల పట్టిక చదవడం తెలుసు. ఇద్దరూ ఆ కంపు పీల్చినవాళ్లే. బయటి నుంచి నిపుణుల్ని దింపితేనే పేదల పేటకు దారి దొరుకుతుందనే వాదన నాకు అందుకే మింగుడుపడదు.

అరెస్టులతో పేపర్లో వార్త వచ్చింది, ప్లాంటు మారలేదు. 1992లో ఎన్ఆర్‌డీసీ అనే జాతీయ పర్యావరణ సంస్థతో కలిసి నగరపాలక సంస్థ మీద కేసు వేశారు. 1993 చివర్లో కుదిరిన రాజీలో నగరం ప్లాంటు బాగుచేతకు ఒప్పుకుంది, స్థానికుల కోసం 11 లక్షల డాలర్ల నిధి ఇచ్చింది. అంతకన్నా విలువైంది మరొకటుంది. ఒప్పందం అమలవుతోందా లేదా అని కనిపెట్టే హక్కు కేసు వేసినవాళ్లకే దక్కింది. చాలా ఉద్యమాలు మంత్రి హామీ ఇవ్వగానే ఇంటికి వెళ్లిపోతాయి. హామీని అమలు చేయించే హక్కు లేకపోతే మళ్లీ రోడ్డెక్కడం తప్ప దారి ఉండదు. ప్లాంటు పైకప్పు మీద 28 ఎకరాల్లో కట్టిన రివర్‌బ్యాంక్ పార్కు కూడా 1993లోనే తెరుచుకుంది. పిల్లలకు అది మంచి ఆటస్థలమే, కానీ పార్కు ఇచ్చాం కదా, ఇక కంపు గురించి మాట్లాడొద్దు అంటే కుదరదు. ఆ మాట స్థానికులు గట్టిగా అనగలిగారు. రాజీ డబ్బుతో 1994లో సంఘం మొదటిసారి జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకోగలిగింది.

ఆ తర్వాత బస్సుల సంగతి. హార్లెమ్ ఉన్న మన్‌హాటన్ ద్వీపంలోని బస్ డిపోల్లో అత్యధికం దాని ఉత్తర భాగంలోనే, అంటే హార్లెమ్ వైపే ఉండేవి. ‘ఇక్కడ నివసిస్తే ఊపిరి పీల్చుకోవడం మీ సొంత పూచీ’ అనే అర్థంతో 1997లో బస్ షెల్టర్లలో ప్రచారం చేశారు. 2000లో ఆ బస్సులు నడిపే న్యూయార్క్ రవాణా సంస్థ మీద కేంద్ర రవాణా శాఖకు పౌరహక్కుల చట్టం కింద ఫిర్యాదు చేశారు. పిల్లలు కొలిచిన అంకెలు అదే ఏడాది శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి, రచయితల జాబితాలో షెపర్డ్ పేరు కూడా ఉంది. సమాచారం ఇచ్చిన మనిషిగా ఆమెకు అడుగున ధన్యవాదాలు చెప్పి వదిలేయలేదు. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది.

కొలంబియాతో స్నేహం అక్కడితో ఆగలేదు. 1998 నుంచి ఉత్తర మన్‌హాటన్, సౌత్ బ్రాంక్స్ గర్భిణులు తాము పీల్చే గాలిని కొలిచే యంత్రాలను బ్యాగుల్లో మోశారు. ఇళ్లలో బొద్దింకల కోసం వాడే క్లోర్‌పైరిఫాస్ మందు బొడ్డుతాడు రక్తంలో ఎక్కువగా ఉన్న పిల్లలు తక్కువ బరువుతో పుట్టారని తేలింది. ఇళ్లలో ఆ మందు వాడకాన్ని అమెరికా ప్రభుత్వం ఆపేయించాక, 2001 నుంచి పుట్టిన పిల్లల్లో మోతాదు పడిపోయింది, బరువు మీద ఆ ప్రభావమూ కనబడలేదు. ఫలితాలను తల్లులకు అర్థమయ్యే మాటల్లో చేరవేసే పని సంఘం తలకెత్తుకుంది.

కానీ అదే యూనివర్సిటీ ఆ పేటలో పెద్ద భూస్వామి కూడా. పశ్చిమ హార్లెమ్‌లో 17 ఎకరాల కొత్త క్యాంపస్‌కు 2007లో నగర కౌన్సిల్ ఆమోదం తెలిపింది. ఉన్న ఇళ్లు పోతాయని, అద్దెలు పెరుగుతాయని జనం భయపడ్డారు. పరిశోధనలో చేయి కలిపిన సంస్థే నేల విషయంలో ఎదురుపడితే స్థానిక నాయకుడికి ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. ఇంకో చిక్కు సొంత గెలుపులోంచే వస్తుంది. 125వ వీధి చివర నది ఒడ్డున కార్లు నిలిపే స్థలాన్ని, స్థానికులు 1999లో మొదలుపెట్టిన ప్రణాళిక ఆధారంగా పార్కుగా మార్చి 2009లో తెరిచారు. పేట అందంగా మారిన కొద్దీ అద్దె భరించలేనివాళ్లు బయటికి పోతారు. గాలి బాగుపడేసరికి దానికోసం కొట్లాడిన కుటుంబమే అక్కడ లేకపోతే ఆ గెలుపు సగమే. పర్యావరణ సంఘానికి ఇళ్లతో ఏం పని అనేవాళ్లు ఈ లెక్క చూడటం లేదు.

ఇళ్ల విషయంలోనూ వీ యాక్ట్ పని చేసింది. ఎలుకలు, బొద్దింకలు, గోడల చెమ్మకు పట్టే బూజు ఆస్తమాను రెచ్చగొడతాయి. సెంట్రల్ హార్లెమ్ పిల్లల్లో నలుగురిలో ఒకరికి ఆస్తమా ఉందని 2003లో వెల్లడైంది. మూడు, అంతకుమించి ఇళ్లున్న భవనాల యజమానులు ఏటా ఈ మూడింటి కోసం తనిఖీ చేసి బాగుచేయాలంటూ న్యూయార్క్ నగరం 2018లో చేసిన 55వ నంబరు చట్టం వెనుక ఈ సంఘం, దాని మిత్ర సంఘాల ఒత్తిడి ఉంది.

మూడు దశాబ్దాలకు పైగా షెపర్డ్ ఒక్కరే సంఘానికి ముఖంగా ఉండటం బలమూ, బలహీనతా కూడా. విరాళాలిచ్చే సంస్థలు ఒక పేరు చూసి డబ్బు ఇస్తాయి, రెండో వరుస నాయకులకు జీతం ఇవ్వడానికి మాత్రం అంత సుముఖంగా ఉండవు. ప్రాజెక్టుకు ఇంత అని లెక్కగట్టే నిధులకు బదులు, స్థానికులు కూర్చునే బోర్డుకే ఖర్చు నిర్ణయాన్ని వదిలేసే నిధులు కావాలి. ఎందుకంటే చట్టం చేశాక పని మరింత చిన్నదిగా, మరింత కష్టంగా మారుతుంది. యజమాని తనిఖీ చేయకపోతే అద్దెదారే నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేయాలి. ఖాళీ చేయిస్తారేమోనన్న భయంతో ఉన్న తల్లి ఆ ఫోన్ చేయాలంటే, అదే భవనంలో ఉండే మరో మనిషి ఆమె తలుపు తట్టి చట్టంలో ఏముందో చెప్పాలి. అలాంటి మనుషులకు జీతం, శిక్షణ, బోర్డులో కుర్చీ ఉండాలి.