రబ్బరు బిళ్లల పాపం గేర్‌బాక్స్ మీద రుద్దకండి

"ఆ గేర్‌బాక్సే వీక్ అన్నా, అందుకే పోయింది." ఈ రెండు నెలల్లో ఈ మాట కనీసం పదిమంది నోట విన్నాను. వాళ్లలో తొమ్మిదిమంది జన్మలో ఆ గేర్‌బాక్స్‌ని చూసినవాళ్లు కాదు. పదోవాడు మెకానిక్. నాకు ఎక్కువ మండింది ఆయన మీదే.

నాది 1993 ఫోర్డ్ ఎఫ్-150. 5.0 లీటర్ల వీ8, ఐదు గేర్ల మాన్యువల్, టూ వీల్ డ్రైవ్. డాలస్‌కి ఉత్తరాన మా సబ్‌డివిజన్‌లో ఇంటికో టెస్లా ఉంటుంది, వాటి మధ్య ఇది పెళ్లింట్లో లుంగీ కట్టుకున్న పెద్దాయనలా నిలబడుతుంది. ట్రక్కు ఫోర్డ్‌ది కానీ గేర్‌బాక్స్ చేసింది మాజ్దా. పేరు ఎం5ఓడీ-ఆర్2. అందులో గేర్ ఆయిల్ పొయ్యరు, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్లలో పోసే ఎర్ర ఫ్లూయిడ్ పోస్తారు. మొత్తం పట్టేది 3.8 క్వార్ట్‌లు, అంటే మూడున్నర లీటర్ల పైచిలుకు.

ఇంతకీ అసలు దోషి ఎవరంటే, ఆ గేర్‌బాక్స్ పైమూతలో గేర్లు మార్చే కడ్డీలు మూడుంటాయి. వాటి కోసం వెనకవైపు నుంచి మూడు రంధ్రాలు చేశారు. ఆ రంధ్రాలు మూయడానికి పెట్టింది మూడు రబ్బరు బిళ్లలు. నాణెమంత ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి, ముడుచుకుపోయి, వదులైపోతుంది. లోపల తిరిగే గేర్లు నూనెని పైకి చిమ్ముతాయి, బండి వేగం అందుకున్నప్పుడల్లా అది వెనక్కి కొట్టుకొస్తుంది, ఆ బిళ్లల పక్కనుంచి కొంచెం కొంచెం బయటికి పోతుంది. క్యాబ్ ఫ్లోర్ కిందే, చెయ్యి దూరని చోట. మీకు కనిపించేది మాత్రం గేర్‌బాక్స్ తోక దగ్గర కారుతున్న చుక్క.

ఆ చుక్క చూసి తోక సీల్ పోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. షాపుకి తీసుకెళ్తే వెనక ఆయిల్ సీల్ మార్చి డబ్బులు తీసుకున్నారు. నాలుగు నెలలకి మళ్లీ అదే తడి. మళ్లీ అదే సీల్, మళ్లీ డబ్బులు. రెండుసార్లు కింద పడుకుని చూసిన మనిషి ఒక్కసారి తల ఎత్తి పైకి చూసి ఉంటే సరిపోయేది. మూడోసారి చుక్కలు పడలేదు. బాగైపోయిందని సంబరపడ్డాను. పడటానికి లోపల నూనె ఉంటేగా! ఒకరోజు హైవే మీద బేరింగులు మిక్సీలో శనగపప్పు వేసినట్టు అరిచాయి. అదే షాపు వాళ్లు రీబిల్డ్‌కి చెప్పిన రేటు ట్రక్కు ధర కన్నా ఎక్కువ. పైగా "ఈ గేర్‌బాక్స్ వీక్ సార్" అని తీర్పు.

నూనె లేకుండా ఏ గేర్‌బాక్స్ బతుకుతుందో నాకు చూపించండి.

సరే, వేరే పాత ట్రక్కు గేర్‌బాక్స్ తెచ్చి మనమే మార్చుకుందాం అనుకున్నాను. ఓ రిటైర్డ్ పెద్దాయన దగ్గర 1995 ఎఫ్-150 దొరికింది. ఓవర్‌హీట్ అయి ఇంజన్ హెడ్ పోయింది, అందుకని చవగ్గా ఇచ్చాడు. అందులో 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. 1996తో ఆగిపోయిన ఆ ఇంజన్‌ని మొండితనానికి ఇప్పటికీ పొగుడుతారు. దాని వెనక కూడా ఇదే ఎం5ఓడీ-ఆర్2.

"బావా, రెండూ ఒకటేగా! ఇది విప్పి అది పెట్టడమేగా!" అన్నాడు మా బామ్మర్ది. ఎమ్మెస్ సెలవుల్లో వచ్చాడు. ఈ "ఒకటేగా" అనే మాటని చట్టం చేసి నిషేధించాలి.

కొంతవరకు ఒకటే, నిజమే. ఈ గేర్‌బాక్స్‌కి బెల్ హౌసింగ్, అంటే ఇంజన్‌కి అతుక్కునే ముందు భాగం, విడిగా ఉండదు, బాడీతో కలిపే పోత పోశారు. కాబట్టి ఇంజన్ వెనక బోల్టుల వరుస కలవకపోతే చేసేదేమీ ఉండదు. 4.9 ఆరు సిలిండర్లకీ, 5.0 వీ8కీ ఆ వరుస కలుస్తుంది. 1997 తర్వాత వచ్చిన 4.6 వీ8 వెనకది మాత్రం కలవదు. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుదైతే తోక భాగమే వేరు. స్పీడోమీటర్ గొడవ లేదు, ఈ ఏళ్ల ట్రక్కుల్లో అది వెనక యాక్సిల్ దగ్గరి సెన్సర్ నుంచి లెక్క తీసుకుంటుంది. ఇదంతా కొనే ముందే చూసుకున్నాను.

మావాడు తప్పు చెయ్యబోయింది ఫ్లైవీల్ దగ్గర, అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం దగ్గర. నా ఫ్లైవీల్ మీద వేడికి నల్లమచ్చలు, ఆ 1995 ట్రక్కుది అద్దంలా ఉంది. "ఇది కూడా వేసేద్దాం బావా" అని బోల్టు రంధ్రాలు కూడా కలిపి చూపించాడు. కలిశాయి! అక్కడే ఉంది మోసం. ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ తనంతట తాను బ్యాలెన్స్‌లో ఉంటుంది, దాని ఫ్లైవీల్ మీద అదనపు బరువు ఉండదు. నా 5.0కి మాత్రం కావాలనే ఒక పక్క బరువు పెట్టిన ఫ్లైవీల్ ఉండాలి, దాని లెక్క 50 ఔన్స్-అంగుళాలు. అదీ ఇదీ మార్చి బిగిస్తే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, వణికి వణికి క్రాంక్ బేరింగుల్ని తినేస్తుంది. నాది నేనే మెషిన్ షాపులో సానపట్టించుకున్నాను.

ఇక దించడం. రెండు ట్రక్కులకీ రెండుసార్లు, మే నెల టెక్సస్ ఎండలో. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి వెళ్లే షాఫ్ట్‌కి వెనక చివర బోల్టుల తలలకి పన్నెండు మూలలుంటాయి, 12 ఎంఎం. మామూలు ఆరు మూలల సాకెట్ వాటికి పట్టదు, ఆ సంగతి కింద పడుకున్నాక తెలిసింది. బెల్ హౌసింగ్ పై బోల్టుల కోసం రెండడుగుల ఎక్స్‌టెన్షన్ కడ్డీలు ఒకదానికొకటి తగిలించి తోక దగ్గర నుంచి తిప్పాలి. గేర్‌బాక్స్ బరువు 50 కిలోల బియ్యం బస్తాకి అటూ ఇటూ. కాకపోతే బస్తాని భుజాన వేసుకోవచ్చు, దీన్ని ముఖానికి జానెడు దూరంలో జాక్ మీద నిలబెట్టాలి.

అసలు నా రెండో కోపం క్లచ్ స్లేవ్ సిలిండర్ మీద, అంటే పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే భాగం మీద. దాన్ని బెల్ హౌసింగ్ లోపల, గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ కూర్చోబెట్టారు. అది లీకయితే మొత్తం దించాల్సిందే. బయట రెండు బోల్టులతో వేలాడదీస్తే ఏం పోయేది? అందుకే దించినప్పుడే కొత్తది వేసేశాను. పైలట్ బేరింగ్ కూడా, అంటే గేర్‌బాక్స్ షాఫ్ట్ ముందు కొన కూర్చునే చిన్న బేరింగ్. అది ఊడి రాకపోతే మధ్య రంధ్రంలో తడి బ్రెడ్ కూరి, సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాను. లోపల ఒత్తిడి పెరిగి బేరింగ్ దానంతటదే బయటికొచ్చింది. బ్రెడ్ ప్యాకెట్ సగం ఏమైందని మా ఆవిడ అడిగిన ప్రశ్నకి నిజమే చెప్పాను, నమ్మలేదు.

వీడియో కాల్‌లో నాన్న అన్నీ చూస్తున్నారు. ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఎర్ర ఫ్లూయిడ్ సీసాలు చూసి "గేర్‌బాక్స్‌లో షర్బత్ పోస్తావేంట్రా? ఆటోనగర్‌లో అయితే 90 ఆయిల్ కొడతారు" అన్నారు. ఈ పెట్టె ఇలాంటిది నాన్నా అని ఎంత చెప్పినా ఆయన మొహంలో అనుమానం పోలేదు. కానీ ఆయన అడిగిందే పనికొచ్చింది. "పైన బిళ్లలు ఎలా ఉన్నాయో చూశావా? దానివీ ఇంతేనేమో."

ఆ 1995 గేర్‌బాక్స్‌వి చూశాను. రెండు గోటితో లాగితే వచ్చేశాయి. మూడోది అప్పటికే సగం బయట ఉంది. అయినా ఫిల్లింగ్ ప్లగ్ విప్పి వేలు పెడితే నూనె తగిలింది, రంగూ బాగుంది. పెద్దాయన ఎప్పటికప్పుడు పోస్తూ వచ్చాడన్నమాట. అదే మోడల్, అవే పాడు బిళ్లలు, పైగా నాదాని కన్నా ఎక్కువ మైళ్లు తిరిగింది. అయినా బతికే ఉంది. ఇప్పుడు చెప్పండి, వీక్ ఎవరు?

రబ్బరు తీసేసి లోహపు బిళ్లలు సీలెంట్ రాసి కొట్టాను. పెట్టె నేల మీద ఉన్నప్పుడు ఆ పనికి పావుగంట పట్టలేదు. ఇలాంటి పాత ఎఫ్-150 మీ దగ్గరుంటే తోక దగ్గర కాదు, పైమూత వెనక తడుందేమో ఒక్కసారి చూడండి. నూనె మార్చే ముందు ఫిల్లింగ్ ప్లగ్ తిరుగుతోందని ఖాయం చేసుకోండి. డ్రెయిన్ ముందు విప్పేసి, ఫిల్లింగ్ ప్లగ్ బిగుసుకుపోయిందని ఏడ్చినవాళ్లున్నారు.

క్లచ్‌లో గాలి తీయడానికి ఒక రోజంతా పోయింది. బామ్మర్ది పెడల్ తొక్కడం, నేను కింద అరవడం, అంతే కథ. మర్నాడు ఐదో గేర్‌లో హైవే ఎక్కితే టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

మధ్యలో హెచ్ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరాలు మూడొచ్చాయి. డ్రైవ్‌వేలో నడవని బండి ఉంచకూడదట, రిపేర్లు చెయ్యకూడదట. చివరిదాంట్లో పదిరోజుల గడువిచ్చారు. కాబట్టి ఆ 1995 ట్రక్కు డోర్లు, డ్యాష్‌బోర్డు, టెయిల్‌గేట్ ఎవరికైనా కావాలంటే ఇన్‌బాక్స్ చెయ్యండి. ఇంజన్ హెడ్ పోయిందని ముందే చెప్తున్నాను, తర్వాత అడగొద్దు.