నోటు తీసుకోనంటే కుదరదు

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి బడికి జర్మనీ నుంచి ఒక అమ్మాయి ఏడాదిపాటు సేవ చేయడానికి వచ్చింది. ఇలాంటి యువతీయువకులను ఇతర దేశాలకు పంపడానికి ఆ దేశ ప్రభుత్వం 2008 నుంచి వెల్ట్‌వెర్ట్స్ అనే పథకం నడుపుతోంది. ఆమె చేతిలో మంచి ఫోనే ఉంది. కానీ ఇక్కడ బ్యాంకు ఖాతా లేదు కాబట్టి యూపీఐ లేదు. విదేశీ కార్డు గీసే యంత్రం ఊరి కొట్లో ఉండదు. టీ బంకు దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడే కాలంలో ఆమె పూర్తిగా నగదు మీదే బతికింది. ఆ ఏడాదిని దగ్గరగా చూశాక నా అభిప్రాయం గట్టిపడింది. నగదు తీసుకోనని చెప్పే అధికారం ఏ దుకాణానికీ, ఏ కౌంటరుకూ ఉండకూడదు.

నెలకు రెండుసార్లు ఒంగోలు వెళ్లి ఏటీఎంలో డబ్బు తెచ్చుకునేది. వచ్చేవన్నీ ఐదువందల నోట్లు. వాటితో షేర్ ఆటో ఎక్కడం కష్టం, టీ తాగడం ఇంకా కష్టం. నమస్కారం తరువాత ఆమె నేర్చుకున్న తెలుగు మాట చిల్లర. మిగతా డబ్బును కండక్టరు టికెట్ వెనుక రాసిస్తే దిగేముందు అడిగి తీసుకోవాలని రెండో ప్రయాణానికే గ్రహించింది. పది రూపాయల బిళ్ల చెల్లదని ఒకరు తిప్పికొట్టినప్పుడు, చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నోసార్లు ప్రకటించిందంటూ పక్కనున్న మాస్టారు వాదించి తీసుకునేలా చేశారు. చేపల గంప దించిన అవ్వ దగ్గర చిల్లర లేకపోతే, "రేపు ఇద్దువులేమ్మా" అని చేపలు చేతిలో పెట్టి వెళ్లిపోయేది. ఆ బాకీ తీర్చడానికి మర్నాడు ఈ అమ్మాయి అవ్వ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అలా తెలిసిన ఇళ్లు ఎన్నో. మూడో నెలకల్లా కొట్టు ఖాతా పుస్తకంలో "బడి అమ్మాయి" అని ఒక పేజీ తెరిచారు. ఫోను చూపి నడిచిపోయే మనకు ఆ ఊళ్లో అలాంటి పేజీ లేదు.

యూపీఐ మేలు చేయలేదని నేను అనను. చిల్లర గొడవ తప్పింది, చిన్న వ్యాపారికి లెక్క మిగిలింది, దొంగ నోటు భయం తగ్గింది. విదేశీయుల కోసం 2023లో జీ20 సమావేశాల వేళ ప్రత్యేక ఏర్పాటు కూడా మొదలైంది. మంచిదే. కానీ సౌకర్యంగా వచ్చినది షరతుగా మారకూడదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన తీరాన్ని ముంచెత్తింది. కరెంటు పోయి, సిగ్నల్ అందని ఊళ్లలో పాల ప్యాకెట్ కొనిపెట్టింది జేబులో నోటే.

నగదంటే వెనుకబాటు అనేవారు ఆ అమ్మాయి దేశాన్నే చూడాలి. ఐరోపాలో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ జర్మనీ. అక్కడి జనానికి నగదు ఇప్పటికీ ఇష్టమే. నార్వే 2024 అక్టోబరు నుంచి దుకాణంలో నగదుతో చెల్లించే హక్కును చట్టంలో మరింత బిగించింది. మన నోటుకు 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోని 26వ సెక్షన్ చెల్లుబాటు ఇచ్చింది. ఆ చెల్లుబాటు కౌంటరు దగ్గర నిలవాలంటే, నిరాకరించినవారికి జరిమానా పడాలి.

నాకు అసలు పట్టింపు ఇంకొకటి ఉంది. డబ్బు ఎవరి చేతిలో కనిపిస్తోంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. సారాకు పోయే డబ్బు మిగిలాక ఆ జిల్లా మహిళలే రోజుకో రూపాయి కూడబెట్టి పొదుపు సంఘాలు కట్టారు. ఆ రూపాయిని నలుగురి ముందు లెక్కపెట్టేవారు. భర్త అడిగితే సంఘానికి కట్టేశానని చెప్పగలిగే ధైర్యం ఆ లెక్కలోంచే వచ్చింది. ఇప్పుడు ఎన్నో ఇళ్లలో ఫోను ఒకటే, అది కొడుకు జేబులోనో భర్త జేబులోనో ఉంటుంది. పిన్ నంబరు కూడా వారికే తెలుసు. "నగదు తీసుకోబడదు" అని బోర్డు పెట్టినవాడు ఆ ఇంటి ఆడమనిషిని అనుమతి అడుక్కోవడానికి వెనక్కి పంపుతున్నాడు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. అందుకే వృద్ధాప్య పింఛన్ 4,000 రూపాయలను గ్రామ సచివాలయ ఉద్యోగులు నెల మొదట్లో ఇంటి గుమ్మం దగ్గరే చేతికి అందిస్తున్నారు. ఆ రోజుల్లో ఊరి కొట్లో చిల్లర కరువు. అందరి చేతిలోనూ పెద్ద నోట్లే.

చేపల అవ్వ ఆ డబ్బులోంచే కొంత తీసుకుని రక్తపరీక్షకు పట్నం వెళ్లింది. తోడుగా బడి అమ్మాయి వెళ్లింది. కౌంటరులో ఫోను చెల్లింపులు మాత్రమే అన్నారు. అమ్మాయి పర్సులోనూ నోట్లే. ఇద్దరూ వరుసలోంచి పక్కకు వచ్చి, ఫోనున్న ఒక అపరిచితుడి చేతిలో నోట్లు పెట్టి, మా డబ్బు కట్టిపెట్టండి బాబూ అని బతిమాలుకున్నారు.