పల్లెకు ఇంటర్నెట్ కేబుల్ దండగన్న మాట నిలబడదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. ప్రతి చేతిలో 4జీ ఫోను ఉండగా ఇంటికి కేబుల్ ఎందుకని, గిరాకీ ఉంటే కంపెనీలే రావా అని, ప్రభుత్వం వేసిన ఫైబరు, అంటే ఇంటర్నెట్ మోసే గాజుపోగు తీగ, స్తంభాల మీదే ఎండుతోందని, కాలువలు తీయలేని పంచాయతీకి ఇంటర్నెట్ గొడవ దేనికని అందులో నాలుగు మాటలున్నాయి. చదువుకున్నవాళ్లు కూడా దానికి అవునంటున్నారు కాబట్టి ఒక్కొక్క మాటకూ జవాబు రాయడం అవసరమనిపించింది.

మొదటిది ఫోను సంగతి. ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నదన్నదే నిజం కాదు. 2024లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రకటించిన లెక్కల ప్రకారం నూరుమంది జనాభాకు పట్టణాల్లో 130కి పైగా ఫోను కనెక్షన్లు ఉంటే, గ్రామాల్లో 60 కూడా లేవు. ఉన్న ఫోను తండ్రితోపాటు పొలానికో పనికో వెళ్లిపోతే, ఇంట్లో పదో తరగతి పిల్లకు మిగిలేది ఏమీ లేదు. ఇక వేగం విషయానికి వస్తే, 4జీ టవరు మీద ఒక దిక్కుకు చూసే యాంటెన్నా 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌తో (రేడియో తరంగాల వాటాతో), మామూలు అమరికలో, సెకనుకు గరిష్ఠంగా 150 మెగాబిట్లు పంపగలదు. ఆ గరిష్ఠాన్నే ఆ దిక్కున ఉన్న రెండు మూడు ఊళ్ల ఫోన్లన్నీ సాయంత్రం పూట పంచుకోవాలి. ఇళ్లకు కనెక్షన్లిచ్చే జీపాన్ పద్ధతిలో వెంట్రుకంత ఫైబరు పోగు ఒక్కటే సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు మోస్తుంది, దాన్ని పంచుకునేది 32 ఇళ్లో 64 ఇళ్లో మాత్రమే. ఫోను వద్దని ఎవరూ అనడం లేదు. ఫోను చేయవలసిన పని వేరు, ఇంటికి వచ్చే తీగ చేయవలసిన పని వేరు.

గిరాకీ లేదన్న రెండో మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. మన తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి నెలల తరబడి బోట్ల మీద పనిచేస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవారు పరీక్షలకూ డయాలసిస్‌కూ తిరుగుతూనే ఉన్నారు. వీళ్ల ఇళ్లలో గిరాకీ లేదనడానికి మనసెలా వస్తుంది? కంపెనీ చూసేది గిరాకీని కాదు, కిలోమీటరు తీగకు ఎన్ని ఇళ్లు తగులుతాయన్న లెక్కను. పట్టణంలో ఒక్క వీధిలో దొరికే చందాదారులు మందస, కంచిలి మండలాల్లో జీడిమామిడి తోటల మధ్య విడివిడిగా ఉన్న ఇళ్లలో దొరకాలంటే ఎన్నో రెట్లు తీగ లాగాలి. కరెంటుకూ ఒకప్పుడు ఇదే చిక్కు ఉండేది. మాది గరివిడి దగ్గర పల్లె. మా ప్రాంతానికి దశాబ్దాలపాటు కరెంటు పంచినది చీపురుపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం. లాభం చూసుకుని ఎవరో వచ్చేదాకా మా పెద్దలు కూర్చుని ఉంటే దీపాలు ఎప్పటికి వెలిగేవో తెలియదు.

ప్రభుత్వ ఫైబరు స్తంభాల మీదే ఎండుతోందన్న మూడో మాటలో నిజం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కోసం 2015లో సంస్థ ఏర్పడింది, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో పని త్వరగా, చవకగా జరిగింది. అయితే స్తంభం పడితే తీగా పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో వేలాది స్తంభాలు కూలాయి. కరెంటు లేక టవర్లూ మూగబోయాయి కాబట్టి, ఆ నష్టాన్ని చూపి కేబుల్‌ను మాత్రమే తప్పుపట్టడం సరికాదు.

తుపాను లేని రోజుల్లో జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. మా వీధి చివర పాత స్తంభం తీసి కొత్తది పాతినప్పుడు ఫైబరును చుట్టచుట్టి పక్కనున్న వేపచెట్టుకు వేలాడదీసి వెళ్లిపోయారు. కరెంటు ఆఫీసులో అడిగితే కేబుల్ ఆపరేటరును అడగమన్నారు, ఆపరేటరు ఆఫీసును అడగమన్నాడు, అలా నాలుగు నెలలు గడిచాయి. తెగిన చోటు ఊరందరికీ తెలుసు. అతికే బాధ్యత మాత్రం ఎవరి పేరునా లేదు. దేశవ్యాప్తంగా పంచాయతీలకు ఫైబరు చేర్చే కేంద్ర పథకం భారత్‌నెట్‌లోనూ ఇలాంటి లోపమే కనిపించింది. 2011లో ఆమోదం పొందిన ఆ పథకంలో తీగ చెట్టుకొమ్మలా ఒక్క దారిలోనే పంచాయతీకి చేరేది, మధ్యలో ఎక్కడ తెగినా అవతలి ఊళ్లన్నీ ఆగిపోయేవి. అందుకే 2023 ఆగస్టులో కేంద్రం సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించిన పథకాన్ని ఆమోదించి, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నడిచే వలయాకారపు అమరికనూ, పదేళ్ల నిర్వహణనూ అందులో చేర్చింది. లోపమెక్కడో తెలిసి దిద్దుతున్న సమయంలో తీగనే వదిలేయమనడం, మోటారు కాలిందని బావి పూడ్చమన్నట్టుంది.

పంచాయతీకి ఇంటర్నెట్ గొడవ దేనికన్న నాలుగో మాటకు జవాబు చిన్నదే. టెలికం రాజ్యాంగం కేంద్రానికి అప్పగించిన కేంద్ర జాబితాలోని అంశం, అందులో సందేహం లేదు. పంచాయతీని కంపెనీ పెట్టమని ఎవరూ అడగడం లేదు. కానీ పంచాయతీలకు అప్పగించదగినవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చెప్పిన 29 అంశాల్లో విద్య, గ్రంథాలయాలు, సామాజిక ఆస్తుల నిర్వహణ ఉన్నాయి. కాలువల డబ్బు ఇటు మళ్లుతుందన్న భయానికీ ఆధారం లేదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికీ తాగునీటికీ కేటాయించి, మిగిలిన 40 శాతాన్నే ఊరి అవసరాలకు వదిలింది.

మా సర్పంచిగారికి నేను రాసిచ్చిన కాగితంలో పెద్ద ఖర్చు లేదు. బడి, అంగన్‌వాడీ, గ్రంథాలయం, సచివాలయం కనెక్షన్లకు ఏడాది బిల్లు ముందే కట్టి ఆపరేటరుకు నమ్మకమైన రాబడి చూపాలని, పరికరాల పెట్టెకు సచివాలయంలో ఒక మూల, ఇన్వర్టరు ఇవ్వాలని, పంచాయతీ రోడ్ల మీద తీగకు అనుమతిని ఆలస్యం చేయకూడదని, స్తంభం మార్చినా రోడ్డు తవ్వినా ఫైబరును ఎవరు ఎన్ని రోజుల్లో అతకాలో తీర్మానంలో రాసి నోటీసు బోర్డు మీద అంటించాలని కోరాను. వచ్చే గ్రామసభలో దాన్ని చదివిస్తామన్నారు.