సున్నం గోడకు సిమెంటా?

ఇప్పుడున్న భవనంలోకి వచ్చి నూరేళ్లయిన సందర్భంగా కడపలోని ఆ పాత హైస్కూలు గోడలకు సిమెంటు పూసి రంగులేస్తారని మీరు రాశారు. రంగుల సంగతి తర్వాత, ముందు ఆ సిమెంటు ఆపించండి సార్. రాయీ సున్నంతో కట్టిన గోడ పునాదిలోంచి తేమ పీల్చి పూతలోంచి వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే తేమ లోపలే చిక్కి, ఉప్పు తేలి, కొన్ని వానాకాలాలకే పెళ్లలు ఊడతాయి, వెనకున్న సున్నాన్ని కూడా పట్టుకుని. గుల్లబారిన చోట గట్టి భాగం తగిలేదాకా గీకి, బాగా తడిపి, ఒక పాలు నానిన సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి రెండు పూతలుగా పూయాలి. వారం పదిరోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. మన ఎండలకు ఇది ఎగ్గొడితే పగుళ్లు ఖాయం (మేస్త్రీలు ఎగ్గొట్టేదీ ఇదే). పైన ప్లాస్టిక్ రంగు కాదు, సున్నం వెల్లే వేయండి.